డొల్ల బట్‌లో ఏం కూరితే మోత తగ్గింది: ఐదు సరుకులు వాడి చూశాక నా మాట

నా ఎయిర్ రైఫిల్ బట్ (భుజానికి ఆనే వెనక భాగం) మీద వేలి కణుపుతో తడితే ఖాళీ నీళ్ల డ్రమ్ము మీద కొట్టినట్టు మోగేది. తట్టినప్పుడే మోగితే సర్దుకుపోయేవాణ్ణి. ట్రిగ్గర్ నొక్కిన ప్రతిసారీ ఆ మోత నా చెంప ఎముకలోంచి నేరుగా చెవిలోకి దిగేది. చెక్క స్టాక్ (ఇనుప భాగాన్ని మోసే చట్రం) ఉన్న రైఫిల్‌తో ఆరేళ్లు కాల్చాక ఈ సింథటిక్ స్టాక్ రైఫిల్ చేతికొచ్చింది. స్ప్రింగ్‌తో పనిచేసే రకం, బ్యారెల్ వంచి కాక్ చేయాలి, అంటే స్ప్రింగ్‌ను నొక్కి నిలపాలి. క్యాలిబర్ 4.5 మిల్లీమీటర్లు, స్కోప్ లేకుండా బరువు 3.1 కిలోలు. గురి విషయంలో దానికి వంక పెట్టడానికి ఏమీ లేదు. తడిస్తే స్టాక్ ఉబ్బదు, గీత పడినా బెంగ లేదు. కానీ మొదటి పది పెల్లెట్లు (చిన్న గుళ్లు) కాల్చేసరికే ఈ చప్పుడుతో నాకు పొసగదని తెలిసిపోయింది.

షాట్ వెళ్లేటప్పుడు రైఫిల్ చేతిలో ఎలా కదిలిందో గమనించడం స్ప్రింగ్ రైఫిల్ కాల్చేవాళ్లకు చాలా ముఖ్యం. స్ప్రింగ్ తోసే పిస్టన్ గాలిని నొక్కుతూ ముందుకు దూకితే రైఫిల్ వెనక్కి తన్నుతుంది. పిస్టన్ చివరికెళ్లి ఆగితే ముందుకు గుంజుతుంది. పెల్లెట్ ఇంకా బ్యారెల్‌లో ఉండగానే ఈ కుదుపు మొదలైపోతుంది. దాన్ని చెయ్యి పసిగట్టాలి. చెంప పక్కనే ‘ఢబ్’మని మోగుతుంటే చెయ్యి చెప్పేది మనసుకు ఎక్కదు. అందుకే నాలుగు నెలల పాటు ఈ బట్‌లో ఒక్కో సరుకూ కూరి, తీసి, మళ్లీ కూరి చూశాను.

అసలు ఈ స్టాకులు డొల్లగా ఎందుకుంటాయంటే, ప్లాస్టిక్‌ను కరిగించి అచ్చులోకి ఎక్కించేటప్పుడు మందంగా పోస్తే చల్లారడానికి చాలాసేపు పడుతుంది, చల్లారాక పైన గుంటలు పడుతుంది. అందుకని పల్చటి గోడలు, లోపల అడ్డంగా కొన్ని పక్కటెముకలు, మధ్యలో ఖాళీ. బలానికి అది చాలు. కానీ పల్చటి గోడ, లోపల గాలి, వెనక మూతలా బట్ ప్యాడ్ కలిస్తే వీణకు కుండ చేసే పనే ఇక్కడ బట్ చేస్తుంది. స్ప్రింగ్ పుట్టించిన కంపనాన్ని పెంచి వినిపిస్తుంది.

సరుకుల దగ్గరికి వెళ్లే ముందు ఒక మాట. స్ప్రింగ్ రైఫిల్ చప్పుడు ఒక్కటి కాదు. పిస్టన్ ఆగేటప్పటి ‘టక్’ ఒకటి. ఆ తర్వాత స్ప్రింగ్ వణికే ‘జుంయ్’ ఒకటి. బ్యారెల్ మూతి నుంచి గాలి వదిలే చప్పుడు ఇంకొకటి. బట్ డొల్ల మోత నాలుగోది. పెల్లెట్ శబ్దవేగాన్ని దాటితే, అంటే 20 డిగ్రీల వేడిలో సెకనుకు సుమారు 343 మీటర్లు మించితే, కొరడా ఝళిపించినట్టు ఐదో చప్పుడు తోడవుతుంది. బట్‌లో మనం ఏం కూరినా తగ్గేది ఆ నాలుగోదే. మిగతావాటి మీద దాని ప్రభావం దాదాపు ఏమీ ఉండదు. నేను మొదట్లో ఈ తేడా తెలియకుండా అన్నీ ఒక్కదెబ్బకు తగ్గుతాయని ఆశపడ్డాను. మీరు ఆ ఆశ పెట్టుకోకండి.

విప్పే పని తేలికే. రైఫిల్‌లో పెల్లెట్ లేదని, కాక్ అయి లేదని రెండుసార్లు చూసుకుని, మూతి మనిషి లేని వైపు తిప్పి పెట్టి, బట్ ప్యాడ్‌కున్న రెండు స్టార్ మరలు తీశాను. మరలు లోపలికి బాగా పొడుగ్గా ఉంటాయి, స్క్రూడ్రైవర్ కూడా పొడవుది కావాలి. ప్యాడ్ తీశాక లోపల చీకటి గుహలా ఉంది. టార్చి వేసి చూస్తే నిలువుగా రెండు పక్కటెముకలు, వాటి అవతల పిడి వైపు రెండు వేళ్లు పట్టేంత సందు కనిపించాయి. ఆ సందు ట్రిగ్గర్ ఉండే గూటికి దారి. ఇది అందరూ చూసుకోవాల్సిన చోటు. ఇటు పోసింది ఏదైనా అటు జారి ట్రిగ్గర్ యంత్రంలో పడితే రైఫిల్ దానంతటదే పేలే ప్రమాదం ఉంది. ముందు ఆ సందును గట్టి ఫోమ్ ముక్కతో బిగించి మూశాను. తర్వాత స్టాక్ నుంచి ఇనుప భాగమంతా వేరు చేసి, ఖాళీ స్టాక్‌లో నీళ్లు పోసి కొలిస్తే 410 మిల్లీలీటర్లు పట్టాయి. స్టాక్‌ను ఒక రోజంతా ఆరబెట్టాకే పని మొదలుపెట్టాను.

మొదట స్ప్రే ఫోమ్. తలుపు చట్రాలకూ గోడకూ మధ్య సందుల్లో కొట్టే డబ్బా ఫోమ్ ఇది. అందరూ ముందు చెప్పేది దీని గురించే, నేను చేసిందీ అదే. గొట్టం లోపలికి పెట్టి సగం వరకు నింపాను. అది పొంగి మిగతా సగం నింపుతుందని లెక్క. పొంగింది. బట్ మూతి దాటి బయటికొచ్చింది. మర్నాడు పైకి తేలిన దాన్ని కత్తితో కోసి, ప్యాడ్ పెట్టి బిగించాను. తట్టి చూస్తే మోత చాలావరకు పోయింది. నిజంగా సంతోషం వేసింది. వారం తర్వాత ప్యాడ్ ఒక పక్క లేచి, కాగితం దూరేంత సందు కనిపించింది. విప్పి ఫోమ్‌లో పొడవాటి కత్తి దించితే, పైన రెండు వేళ్ల మందం గట్టిగా ఉంది, దాని వెనక పచ్చిగా జిగురు జిగురుగా ఉంది. డబ్బాలో వచ్చే ఈ రకం ఫోమ్ గాలిలోని తేమ తగిలితేనే గట్టిపడుతుంది. మూసుకుపోయిన గుహలో ఒక్కసారే మందంగా కొడితే లోపలి దానికి తేమ ఎక్కడ దొరుకుతుంది? పచ్చిగా ఉన్నది తీరిగ్గా పొంగుతూనే ఉంటుంది, గోడలను తోస్తూనే ఉంటుంది. పలచగా ఒక పొర కొట్టి, కొద్దిగా నీళ్లు చిలకరించి, అది ఆరాక ఇంకో పొర కొట్టాలని డబ్బా మీదే రాసి ఉంది. చదివి కూడా తొందరపడ్డాను, ఆ తప్పు నాదే.

దాన్ని తవ్వి తీయడానికి రెండు సాయంత్రాలు పట్టింది. పచ్చి ఫోమ్ అసిటోన్‌తో పోతుంది. కానీ స్టాక్ ఏబీఎస్ రకం ప్లాస్టిక్‌ది అయితే అసిటోన్ దాన్నీ కరిగిస్తుంది, అందుకని ఆ జోలికి పోలేదు. గట్టిపడిన ఫోమ్‌కు ఏ మందూ పనిచేయదు, గీరడమే దారి. చేతి తొడుగులు లేకుండా, కిటికీలు మూసుకుని ఈ ఫోమ్ పని అస్సలు పెట్టుకోవద్దు. చర్మానికి అంటితే రోజుల తరబడి వదలదు, దాని ఆవిరి ఊపిరితిత్తులకు మంచిది కాదు. పొరలు పొరలుగా, ఓపిగ్గా, తక్కువ పొంగే రకంతో చేస్తే ఫోమ్ బాగానే పనిచేస్తుందని ఒప్పుకుంటాను. బరువు దాదాపు ఏమీ పెరగదు, అది దాని గొప్ప గుణం. కానీ ఒకసారి వేస్తే వేసినట్టే. రేపు స్టాక్‌లో ఏదైనా విరిగితే లోపలికి చెయ్యి పోదు. ఆ ఒక్క కారణం చాలు, నేను మళ్లీ దాని దగ్గరికి వెళ్లను.

తర్వాత ఇసుక. జల్లెడ పట్టి, పెనం మీద వేడిచేసి తేమంతా పోగొట్టి, గట్టి ప్లాస్టిక్ సంచీలో నింపి, సంచీ మూతిని రెండుసార్లు మడిచి టేపు వేసి లోపలికి దూర్చాను. 640 గ్రాములు పట్టింది. మోత చచ్చిపోయింది. వేలితో తడితే రాతి మీద కొట్టినట్టే ఉంది. చప్పుడు ఒక్కటే లెక్క అయితే మొదటి బహుమతి ఇసుకదే. కానీ 3.1 కిలోల రైఫిల్‌కు వెనక్కొచ్చి 640 గ్రాములు చేరితే దాని తూకమే మారిపోతుంది. ఇదివరకు ట్రిగ్గర్ గార్డు ముందు ఉన్న సమతూకపు చోటు వెనక్కి జరిగి గార్డు కిందికే వచ్చేసింది. బ్యారెల్ మూతి తేలికై గాలిలో ఊగింది. నిలబడి కాల్చేవాళ్లకు మూతి వైపు కాస్త బరువుంటేనే గురి నిలుస్తుంది. పైగా సంచీని ఎంత బిగించి నింపినా కొంత కదులుతూనే ఉంది. నిండుకుండ తొణకదంటారు గానీ నేను నింపిన సంచీ తొణికింది. ప్రతి షాట్‌కూ లోపల చిన్నగా ‘సర్ర్’మనేది. నలభై పెల్లెట్లు కాల్చి తీసేశాను. సంచీ చినిగితే ఇసుక రేణువులు ట్రిగ్గర్‌లోకి వెళ్తాయన్న భయం ఆ నలభై షాట్లలోనూ నన్ను వదల్లేదు. ఇసుక బదులు సీసపు గుళ్లు పోసేవాళ్లూ ఉన్నారు. సీసం సాంద్రత ఘన సెంటీమీటరుకు 11.34 గ్రాములు. గుళ్ల మధ్య ఖాళీలు వదిలేసినా ఇసుకకు దాదాపు నాలుగు రెట్లు బరువు. దాని విషం సంగతి సరేసరి. నేను ప్రయత్నించలేదు.

పిల్లలు బొమ్మలు చేసుకునే నూనె క్లే మూడోది. ఎండిపోని రకం. చిన్న చిన్న ఉండలు చేసి కర్రతో గోడలకు అదిమాను. గుహంతా నింపలేదు, గోడలకు వేలి మందాన మెత్తాను. నాకు అసలు విషయం బోధపడింది ఇక్కడే. ఖాళీ అలాగే ఉన్నా మోత ఆగిపోయింది! అంటే మోగుతున్నది లోపలి గాలి కన్నా ఎక్కువగా ఆ పల్చటి గోడలే. గోడను ఒక మెత్తటి బరువైన పదార్థం అంటిపెట్టుకుని ఉంటే, గోడ వణికిన ప్రతిసారీ ఆ పదార్థం సాగి, నలిగి, ఆ శక్తిని వేడిగా మార్చి మింగేస్తుంది. ఖాళీలో వదులుగా కూరిన స్పాంజి గాలిని కొంత ఆపుతుంది గానీ గోడను పట్టుకోదు. క్లే పనితనం బాగుంది, కానీ వేడికి మెత్తబడి కిందికి జారుతుంది, అందులోని నూనె ప్లాస్టిక్‌లోకి ఊరుతుంది. ఎండలో కాసేపు పెట్టి చూస్తే ఒక ముద్ద గోడ వదిలేసి అడుగున పడింది. తీసేశాను. అయినా ఈ ప్రయోగం వృథా పోలేదు, దారి చూపించింది.

సిలికాన్ సీలెంట్ గురించి రెండు ముక్కలు. గొట్టం నొక్కగానే వెనిగర్ వాసన కొట్టే రకం రైఫిల్ దగ్గరికి రానివ్వొద్దు. అది ఆరేటప్పుడు అసిటిక్ ఆమ్లం వదులుతుంది, ఇనుముకు తుప్పు పట్టిస్తుంది. వాసన లేని న్యూట్రల్ రకమైతే పరవాలేదు. కానీ రోజుకు రెండు మూడు మిల్లీమీటర్ల లోతు మాత్రమే ఆరుతుంది, 410 మిల్లీలీటర్ల గుహ నింపితే ఎప్పటికి ఆరేను? పాత బట్టలు, దూది, స్పాంజి కూడా కూరి చూశాను. ఏమీ లేనిదానికన్నా నయం, అంతే. అవి తేమ పీల్చి పట్టుకుంటాయి. వాటి పక్కన ఇనుప మరలున్నాయి.

చివరికి నా మనసుకు నచ్చింది కార్ల డోర్ల లోపల అంటించే బ్యూటిల్ షీటు. రెండు మిల్లీమీటర్ల మందం, ఒక పక్క జిగురు రబ్బరు, మరో పక్క పల్చటి అల్యూమినియం రేకు. రేకు సాగదు, గోడ వంగుతుంది, మధ్యలో ఇరుక్కున్న రబ్బరు ఆ రెంటి మధ్యా నలుగుతుంది. క్లే చేసిన పనే ఇది ఇంకా బాగా, జారిపోకుండా చేస్తుంది. గోడంతా కప్పక్కర్లేదు. మోగే చోటు వెతికి అక్కడ అంటిస్తే చాలు. పెన్సిలు వెనకున్న రబ్బరుతో బట్ మీద అంగుళం అంగుళం తడుతూ పోయాను. చెంప ఆనే చోటు కింద, రెండు పక్కటెముకల మధ్య, అరచేతి వెడల్పున్న పలక అన్నిటికంటే ఎక్కువ మోగింది. సుద్దముక్కతో బయట గీత గీసుకున్నాను.

అంటించడం చెప్పినంత తేలిక కాదు. బట్ మూతి 3 సెంటీమీటర్ల వెడల్పు, 11 సెంటీమీటర్ల ఎత్తు. చెయ్యి మణికట్టు దాకా కూడా పోదు. ముందు లోపలి గోడను స్పిరిట్‌లో ముంచిన గుడ్డతో తుడిచాను. అచ్చు నుంచి స్టాక్ తేలిగ్గా ఊడిరావడానికి వాడే జిడ్డు అక్కడే ఉండిపోతుంది, అది ఉంటే ఏ జిగురూ పట్టదు. షీటును నాలుగు, ఆరు సెంటీమీటర్ల ముక్కలుగా కోశాను. ఒక చెక్క గరిటె కాడకు గుడ్డ చుట్టి, దాని కొనకు ముక్కను రేకు వైపు నుంచి రెండు చుక్కల గమ్‌తో నిలబెట్టాను. వెనకున్న కాగితం సగం ఒలిచి, లోపలికి తీసుకెళ్లి, గీత గీసిన చోటికి ఎదురుగా ఆనించి నొక్కాను. కాగితం మిగతా సగం దారం కట్టి లాగాను. హెయిర్ డ్రయ్యర్‌తో కాస్త వేడి చూపిస్తే రబ్బరు మెత్తబడి గోడకు అతుక్కుంది. ఆ తర్వాత గరిటె వీపుతో మధ్య నుంచి అంచులకు రుద్దుతూ గాలి బుడగలన్నీ తోసేశాను. బుడగ మిగిలిన చోట షీటు పనిచేయదు. మొదటి ముక్కకు నలభై నిమిషాలు పట్టింది, ఎనిమిదోదానికి ఐదు నిమిషాలు.

దాని మీద పది మిల్లీమీటర్ల ఈవీఏ ఫోమ్, వ్యాయామం చాపల్లో ఉండే గట్టి రకం. పొడవాటి పట్టీలుగా కోసి, పుస్తకంలో పేజీల్లా ఒకదాని పక్కన ఒకటి దూర్చాను. చివరి పట్టీ కాస్త తోస్తే గానీ పోనంత బిగువు ఉండాలి. ఆ బిగువే షీటును గోడకు అదిమిపెట్టి ఉంచుతుంది. ఇది నీళ్లు పీల్చదు. అక్కర్లేదనుకుంటే చిటికెలో లాగేయొచ్చు. చివరి పట్టీకి ఒక నాడా కట్టి పెట్టాను, లాగడానికి. షీటు, ఫోమ్ కలిపి తూకం వేస్తే 148 గ్రాములు. సమతూకపు చోటు ఒక వేలి వెడల్పు వెనక్కి జరిగింది. అది నాకు ఇబ్బంది అనిపించలేదు.

ముందు చెయ్యి పట్టే ఫోర్‌ఎండ్ గోడలకు కూడా పల్చటి ఈవీఏ పట్టీలు వేశాను, కానీ అక్కడ చాలా జాగ్రత్త కావాలి. బ్యారెల్ వంచినప్పుడు కాకింగ్ లింకు (బ్యారెల్‌ను పిస్టన్‌కు కలిపే కడ్డీ) ఫోర్‌ఎండ్ లోపలి కాలువలోంచే కదులుతుంది. పట్టీ దానికి తగిలితే బ్యారెల్ వంచేటప్పుడు పట్టేస్తుంది. మరలు బిగుసుకునే చోట మెత్తటిదేదీ పెట్టకూడదు. పెడితే మర బిగువు నిలవదు, గురి రోజుకో రకంగా ఉంటుంది.

ఇక ఫలితం. మా తమ్ముణ్ణి పదిహేను అడుగుల దూరంలో, నాకు వీపు చేసి కూర్చోబెట్టి, ఫోమ్ పట్టీలు, షీట్లు లేని పాత స్థితిలో ఐదు, కొత్త స్థితిలో ఐదు వినిపించాలనుకున్నాను. షీటు పీకి మళ్లీ అంటించలేం కదా. అందుకని అదే మోడల్ రైఫిల్ ఉన్న ఒక మిత్రుణ్ణి కూడా పిలిచాను. అతనిది ఏమీ కూరనిది. ఇద్దరం మార్చి మార్చి కాల్చాం, ఏది ఎవరిదో తమ్ముడికి చెప్పలేదు.

“అన్నా, రెండూ ఒకేలా ఉన్నాయి. ఒకటి కాస్త మందంగా ఉందేమో, అది కూడా గట్టిగా చెప్పలేను,” అన్నాడు వాడు.

నా గుండె జారిపోయింది. అప్పుడు మిత్రుడు నా రైఫిల్ అందుకుని, చెంప ఆనించి ఒక్క షాట్ కొట్టాడు. రైఫిల్ దించకుండానే నా వైపు చూసి, “ఇది వేరే రైఫిల్‌రా,” అన్నాడు. ఆ తర్వాత ఇంకో పది పెల్లెట్లు ఆపకుండా కాల్చాడు.

ఇద్దరూ చెప్పింది నిజమే. బట్ మోత గాలిలో ఎక్కువ దూరం పోదు. దూరంగా ఉన్నవాళ్లకు వినపడేది పిస్టన్ దెబ్బ, మూతి దగ్గరి గాలి. కాల్చేవాడికైతే బట్ మోత గాలిలోంచి కాదు, ఎముకలోంచి వెళ్తుంది. చెంప ఎముక నుంచి లోపలి చెవికి దారి దగ్గర. అందువల్ల పక్కింటివాళ్లకు ఇబ్బంది తగ్గించాలని ఈ పని చేసేవాళ్లకు నిరాశ తప్పదు. తన చెంప కోసం, తన చెయ్యి కోసం చేసుకునేవాళ్లకు మాత్రం రైఫిలే మారిపోయినట్టుంటుంది. ఫోన్‌లో డెసిబెల్ చూపించే యాప్‌తో కొలిచి తేడా లేదనేవాళ్లు కూడా ఉంటారు. ఇలాంటి హఠాత్తు చప్పుళ్లను ఫోన్ మైకు సరిగా పట్టుకోలేదు, దానంతటదే తగ్గించి రాస్తుంది. పైగా ఎముకలోంచి వెళ్లేదాన్ని ఏ ఫోనూ వినదు.

మోత పోయాక ఒక కొత్త సంగతి బయటపడింది. స్ప్రింగ్ ‘జుంయ్’ ఇప్పుడు విడిగా, స్పష్టంగా వినిపిస్తోంది. ఇదివరకు డొల్ల చప్పుడు కింద అది కప్పబడి ఉండేది. దానికి మందు స్టాక్‌లో లేదు. స్ప్రింగ్‌కు బిగువుగా సరిపోయే గైడ్ (స్ప్రింగ్ లోపల దూరి దాన్ని నిలబెట్టే కడ్డీ) వేయించడం, స్ప్రింగ్ మీద వణుకును ఆపే చిక్కటి డ్యాంపింగ్ గ్రీజు పల్చగా పూయడం దాని దారి. ఒత్తిడిలో ఉండే స్ప్రింగ్‌ను పరికరం లేకుండా విప్పడం ప్రమాదం కాబట్టి ఆ పని తెలిసినవాళ్లకు అప్పజెప్పాను.

148 గ్రాములే అయినా 10 మీటర్ల దగ్గర పెల్లెట్ల గుంపు కొద్దిగా జరిగింది. స్కోప్ మళ్లీ సరిచేసుకున్నాను. స్టాక్ మరలన్నీ యాభై షాట్ల తర్వాత ఒకసారి చూస్తే ముందువి రెండూ పావు చుట్టు వదులయ్యాయి, బిగించాను. వదులు మర కూడా మోగుతుంది. నిజానికి బట్ విప్పే ముందు మరలు చూసుకోవడమే మొదటి పని.

మార్కులు వేయమంటే బ్యూటిల్ షీటు, ఈవీఏ జోడీకి పదికి తొమ్మిది వేస్తాను. ఆ ఒక్క మార్కు అంటించడానికి పడ్డ పాట్లకు తగ్గించాను. క్లేకి ఆరు, ఇసుకకు నాలుగు, బట్టలూ స్పాంజికి మూడు. స్ప్రే ఫోమ్‌కు, నేను వాడిన తీరులో, రెండు.

మూడు నెలలయ్యాక నిన్న ప్యాడ్ విప్పి, నాడా పట్టుకుని పట్టీలు బయటికి లాగి, టార్చి వేసి చూశాను. ఎనిమిది ముక్కల్లో ఏడు చెక్కుచెదరలేదు. పైనున్న ఒకదాని మూల గోరంత లేచింది. గరిటె వీపుతో అదిమి, వెచ్చగా గాలి చూపించి, పట్టీలు మళ్లీ పేజీల్లా సర్ది ప్యాడ్ బిగించాను.